దారంతా ఏరుకున్న మాటలు



ముందుగా ఒక భాషలో ఒకటి నుంచి పది దాకా అంకెలు చెబుతాను. కాస్త చెవి ఒగ్గి వినండి. యెఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పంజ్, షోవ్. ఇక్కడిదాకా వింటే రాజస్థాన్‌లోనో పంజాబ్‌లోనో ఏదో పల్లెలో పిల్లలు గోలీలు లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంది కదా. ఇప్పుడు తర్వాతవి వినండి. ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. ఇవి మన వైపు అంకెలు కావు. ఏథెన్స్ బజారులో కూరగాయలు కొనేటప్పుడు వినిపించే గ్రీకు అంకెలు. పదికి వచ్చేసరికి మళ్ళీ దేష్. అది మన దశ.

ఈ లెక్క రోమా ప్రజలది. వాళ్ళ భాష పేరు రోమానీ. యూరప్ ఖండంలో ఈనాడు కోటి నుంచి కోటీ ఇరవై లక్షల మంది దాకా రోమాలున్నారని అంచనా. ఆ ఖండంలో ఇంతకన్నా పెద్ద అల్పసంఖ్యాక జాతి మరొకటి లేదు. వాళ్ళలో రోమానీ మాట్లాడేవాళ్ళు 35 లక్షలకు తక్కువ ఉండరని భాషావేత్తలు లెక్కవేస్తారు. వాళ్ళకు దేశం లేదు. రాజు లేడు. శాసనాలు లేవు. తాతముత్తాతలు రాసిపెట్టిన పుస్తకం లేదు. ఎక్కడి నుంచి బయల్దేరారో, ఏ దారిన వెళ్ళారో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ వాళ్ళ చేతిలో లేదు. ఉన్నదల్లా నోటిలో మాట. ఆ మాటే అన్నీ దాచిపెట్టింది. ఈ సాయంత్రం నేను మీతో పంచుకోవాలనుకున్నది దాని గురించే.

మనం వాళ్ళను జిప్సీలంటాం. అనువాద నవలల్లోంచి, సినిమాల్లోంచి వచ్చిన మాట అది. ఆ మాట వినగానే గుడారం, గుర్రబ్బండి, చెవులకు పెద్ద పెద్ద రింగులు, జాతకం చెప్పే ముసలమ్మ, ఇలా ఒక బొమ్మ కళ్ళముందు కదులుతుంది. మాటా తప్పే, బొమ్మా తప్పే. పదిహేనో శతాబ్దంలో పశ్చిమ యూరప్ ఊళ్ళలోకి వీళ్ళు వచ్చినప్పుడు ఈజిప్టు నుంచి వచ్చారని అక్కడివాళ్ళు అనుకున్నారు. ఈజిప్షియన్ అన్న మాట జనం నోళ్ళలో అరిగి జిప్సీ అయింది. ఇక బొమ్మ సంగతి. ఈనాటి రోమాల్లో అత్యధికులు తరతరాలుగా ఒకే ఊళ్ళో ఇల్లు కట్టుకుని ఉంటున్నవాళ్ళు. కూలీలు, కమ్మర్లు, డ్రైవర్లు, వాయిద్యకారులు, ఉపాధ్యాయులు, పార్లమెంటు సభ్యులు కూడా. పూర్వం తిరిగినవాళ్ళు కూడా తిరగడం మీద మోజుతోనే తిరగలేదు. పొలిమేర దాటిపొమ్మని ఊరూరా తరిమితే ఎవరైనా తిరగక ఏం చేస్తారు?

వాళ్ళు తమను తాము రోమ్ అని చెప్పుకుంటారు. రోమ్ అంటే మా మనిషి అని అర్థం, భర్త అని కూడా అర్థం. రోమ్నీ అంటే భార్య. చాలామంది రోమా అంటే జర్మనీలో సింతీ అంటారు, స్పెయిన్‌లో కాలే అంటారు. ఇటలీలోని రోమ్ నగరానికీ, రుమేనియా దేశానికీ ఈ పేరుతో సంబంధం లేదు. దీని వేరు మన దేశంలోనే ఉంది. ఆర్మేనియా వైపు ఇలాంటివాళ్ళనే లోమ్ అంటారు. సిరియా, పాలస్తీనా వైపు డోమ్ అంటారు. ఈ మూడూ డోంబ అన్న ఒక్క మాటకు మూడు ఉచ్చారణలని భాషావేత్తల నిర్ధారణ. పన్నెండో శతాబ్దంలో కల్హణుడు రాసిన రాజతరంగిణిలో కాశ్మీర రాజసభలో పాడిన డోంబ గాయకులు కనిపిస్తారు. కాశీ ఘాట్లలో చితి నిప్పు అందించే డోములు ఇప్పటికీ ఉన్నారు. హరిశ్చంద్రుణ్ణి కొనుక్కున్నది మా పూర్వికుడేనని వాళ్ళు చెప్పుకుంటారు. కాటిసీను చూస్తూ పెరిగిన తెలుగువాళ్ళకు ఆ మాట వింటే ఒళ్ళు ఝల్లుమంటుంది.

రోమా కానివాణ్ణి వాళ్ళు గాజో అంటారు. మనమూ వాళ్ళకు గాజోలమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఈ భాష మన దేశం నుంచి వెళ్ళిందని మొట్టమొదట పద్ధతిగా నిరూపించినవాడు జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయ ఆచార్యుడు యోహాన్ రూడిగర్. సంవత్సరం 1782. ఆయన చేసిన పని చాలా సాదా. బార్బరా మాకెలిన్ అనే రోమా స్త్రీని కూర్చోబెట్టుకుని కొన్ని వాక్యాలు చెప్పి, వీటిని మీ భాషలో ఎలా అంటారమ్మా అని అడిగి రాసుకున్నాడు. ఆ వాక్యాలను ఒక హిందుస్తానీ వ్యాకరణం పక్కన పెట్టి చూశాడు. మాటలే కాదు, మాటల చివర వచ్చే ప్రత్యయాలు, క్రియల నడక కూడా ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి.

ఆ హిందుస్తానీ వ్యాకరణం ఎవరిదో తెలుసునా? బెంజమిన్ షుల్జ్‌ది. తెలుగు అచ్చు పుస్తకాల చరిత్ర చదివినవారికి ఈ పేరు కొత్త కాదు. తరంగంబాడిలో, మద్రాసులో మత ప్రచారకుడిగా ఉంటూ తెలుగు నేర్చి, 1728 నాటికే తెలుగు వ్యాకరణం రాసి, తిరిగి వెళ్ళాక హాలెలోనే 1746, 47 ప్రాంతాల్లో తెలుగు పుస్తకాలు అచ్చొత్తించిన మనిషి ఆయన. మన భాష మొదటిసారి అచ్చు యంత్రం ఎక్కిన ఊరూ, రోమానీ పుట్టిల్లు ఎక్కడో తేలిన ఊరూ ఒక్కటే. ఒకే మనిషి చేసిన కృషి రెండుచోట్లా పనికి వచ్చింది. నాకు ఈ సంగతి తెలిసిన రోజున ఆ బార్బరా మాకెలిన్ గురించే చాలాసేపు ఆలోచించాను. ఎవరో ఒక ఆచార్యుడు పిలిచి ప్రశ్నలడిగితే తనకు తెలిసిన మాటలు చెప్పింది. తన నోట్లో వెయ్యేళ్ళ ప్రయాణం ఉందని ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో.

ఇప్పుడు ఆ నోటి మాటలు కొన్ని వినండి. చెవికి కన్, మన కర్ణం. కంటికి యఖ్, అక్షి. పంటికి దంద్, దంతం. నాలుకకు ఛిబ్, జిహ్వ. భాషకూ అదే మాట. ఉప్పుకు లోన్, లవణం. పాముకు సప్, సర్పం. చెట్టుకు రుఖ్, వృక్షం. ద్రాక్షకు ద్రఖ్. మనిషికి మనుష్. ఆకలికి బొఖ్, దాహానికి త్రుష్. దాహాన్ని తృష్ణ అనే మనకు అది పరాయి మాటగా తోచదు. నీళ్ళకు పానీ. తెలంగాణ తండాల్లో లంబాడీ అవ్వను దాహం అడిగినా ఈ మాటే అందుతుంది. ఒంటి మీది అవయవాలు, పొయ్యి మీది పదార్థాలు, ఆకలిదప్పులు, నిజానికి వాడే చాచో అన్న మాట, ఇవన్నీ పుట్టింటివే.

కొన్ని మాటలు మాత్రం కాస్త మారువేషంలో ఉంటాయి. మన భ, ధ, ఘ లు అక్కడ ఫ, థ, ఖ లయ్యాయి. అంటే గొంతులో పుట్టే నాదం పోయి ఊపిరి మాత్రం మిగిలింది. భూమి ఫువ్ అయింది. ధూమం థువ్ అయింది, పొగ అన్నమాట. హిందీవాళ్ళ ఘర్ ఖేర్ అయింది. భ్రాత ఫ్రల్ అయింది. ఇంగ్లీషువాళ్ళు స్నేహితుణ్ణి పాల్ అంటారు చూడండి, అది వాళ్ళ పొరుగునున్న రోమాల నుంచి తీసుకున్న ఫ్రలే. లండన్ వీధుల్లో ఒకడు ఇంకొకణ్ణి అలా పిలిచినప్పుడల్లా, తెలియకుండానే భ్రాతా అని పిలుస్తున్నాడు.

రాల్ఫ్ టర్నర్ అనే భాషావేత్త 1926లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఈ భాష మొదట హిందీ ప్రాంతం వైపు పుట్టి, తర్వాత వాయవ్యానికి జరిగి, అక్కడ చాలాకాలం ఉండి అప్పుడు దేశం దాటిందని ధ్వనుల ఆధారంతో చూపించాడు. చూడండి, హిందీలో మూడు తీన్ అయిపోయింది. రోమానీలో త్రిన్, ఆ త్రకారం చెక్కుచెదరలేదు. హిందీలో హస్తం హాథ్ అయింది. రోమానీలో వస్త్, ఆ స్తకారం అలాగే ఉంది. ఇలాంటి పాత జంటాక్షరాలను కాపాడుకున్నవి వాయవ్య భాషలే. ఎప్పుడు దాటిందో చెప్పే గుర్తు నపుంసక లింగం. సంస్కృతంలో ఉన్న ఆ మూడో లింగాన్ని హిందీలాగే రోమానీ కూడా పోగొట్టుకుంది. ఆ మార్పు మన దేశంలో జరిగింది సుమారు క్రీస్తుశకం 1000 ప్రాంతంలో. కాబట్టి అప్పటిదాకా వీళ్ళు ఇక్కడే ఉండి ఉంటారని చాలామంది భాషావేత్తల వాదన. జన్యుశాస్త్రజ్ఞులు అంతకు ముందే, దాదాపు 1500 ఏళ్ళ కిందటే ఈ జనం విడివడ్డారంటారు. ఆ తగవు ఇంకా తీరలేదు.

దేశం దాటాక దారేది? దానికీ మాటలే సాక్ష్యం. అదృష్టానికి రోమానీలో బఖ్త్ అంటారు. ఇది పారసీక మాట. గుర్రానికి గ్రస్త్, ఇది ఆర్మేనియన్. దారికి ద్రోమ్, ఇది గ్రీకు. చూశారా, అదృష్టం ఇరాన్‌లో దొరికింది, గుర్రం ఆర్మేనియాలో, దారి గ్రీకుల రాజ్యంలో. అరబ్బీ నుంచి నేరుగా తీసుకున్న మాటలు దాదాపు కనిపించవు. కాబట్టి అరబ్బుల భాష ఆ ప్రాంతాల మీద పూర్తిగా పరచుకోకముందే దాటిపోయారనో, వాళ్ళకు దూరంగా ఉన్న దారిన నడిచారనో ఊహించవచ్చు.

గ్రీకు మాటలు మాత్రం గుట్టలుగా ఉన్నాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రమే కాదు. ముప్పై, నలభై, యాభై కూడా గ్రీకువే. గుర్రపు లాడానికి పెతాలో, మేకుకు కర్ఫిన్, దాగలికి అమోనీ, సుత్తికి స్వీరీ. కొలిమి పనిముట్ల పేర్లు ఇలా వరసగా గ్రీకులో ఉన్నాయంటే, గ్రీకు మాట్లాడే బైజాంటియం రాజ్యంలో ఎన్ని తరాలు కమ్మరం చేసి బతికారో ఆలోచించండి. ఆ కొలిమిని చూడడానికి చరిత్రకారుడి వర్ణన అక్కర్లేదు. సుత్తి పేరు చాలు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపి నిలబెట్టిన మాట ఇంకొకటుంది. క్రైస్తవుల శిలువను రోమానీలో త్రుషుల్ అంటారు. అవును, త్రిశూలమే. చర్చిలో పూజారిని రషాయ్ అంటారు. అది ఋషి. దేవుడు దెవెల్. ఇల్లు విడిచి ఎన్ని వందల మైళ్ళు నడిచాకో ఒక కొత్త గుడి ముందు నిలబడి, దాని శిఖరం మీదున్న గుర్తును చూసి, ఇది మన త్రిశూలంలాంటిదే కదా అని మొదట అనుకున్న ఆ మనిషి ఎవరో. మతం మారింది, మాట మారలేదు.

యూరప్‌లో వీళ్ళ బతుకు గురించి చెప్పాలంటే ఒక ప్రసంగం చాలదు. ఈనాటి రుమేనియాలో ఒకప్పటి వలాకియా, మోల్దావియా సంస్థానాల్లో రోమాలు బానిసలు. 1385 నాటి ఒక పత్రంలో నలభై కుటుంబాలను ఒక మఠానికి దానంగా ధ్రువపరిచిన మాట ఉంది, మనవాళ్ళు అగ్రహారాలు ఇచ్చినట్టు మనుషులను ఇచ్చారు. ఆ బానిసత్వం పూర్తిగా రద్దయింది 1855, 56లలో. దాదాపు అయిదు వందల ఏళ్ళు. బంధం తెగగానే చాలామంది యూరప్ అంతటికీ, అమెరికా దాకా వెళ్ళిపోయారు. వాళ్ళు మాట్లాడే రోమానీలో రుమేనియన్ మాటలు నిండా ఉంటాయి. అదీ ఒక చరిత్ర పత్రమే.

భాష మీద పడిన దెబ్బల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. స్పెయిన్‌లో 1499 నుంచి వరసగా శాసనాలొచ్చాయి. వీళ్ళ వేషం కట్టకూడదు, వీళ్ళ పేరు చెప్పుకోకూడదు, వీళ్ళ భాష మాట్లాడకూడదు. 1749 జూలైలో ఒక రాత్రి దేశమంతటా ఒకేసారి దాడిచేసి వేలమందిని పట్టుకుని, మగవాళ్ళను ఒకచోట, ఆడవాళ్ళను ఒకచోట నిర్బంధించారు. ఫలితం ఏమిటంటే అక్కడ రోమానీ వ్యాకరణం చచ్చిపోయింది. స్పానిష్ వాక్యంలో కొన్ని వందల పాత మాటలు పొదిగిన కలో అనే మాటతీరు మిగిలింది. ఇంగ్లండులోనూ అంతే, ఇంగ్లీషు వాక్యంలో రోమానీ మాటలు. ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా వీళ్ళకు కొత్త హంగేరియన్లు అని పేరుపెట్టి, పిల్లలను తల్లుల నుంచి తీసుకుపోయి రైతుల ఇళ్ళలో పెంచమంది. ఆమె కొడుకు రెండో జోసెఫ్ 1783లో ఆ భాష మాట్లాడితే కొరడా దెబ్బలని శాసించాడు. రూడిగర్ వ్యాసం వచ్చింది 1782లో. ఒకచోట ఆ భాష గొప్పదనం బయటపడుతోంది, పక్క రాజ్యంలో దాన్ని మాట్లాడినవాడి వీపు పగులుతోంది. ఈనాడు హంగేరి రోమాల్లో ఎక్కువమందికి హంగేరియన్ ఒక్కటే వచ్చు.

ఇక్కడ ఇందాకటి గాజో మాట మళ్ళీ ఎత్తుకుంటాను. బయటివాళ్ళు ఈ భాష నేర్చుకుంటే ఏమవుతుంది? ఇరవయ్యో శతాబ్దంలో నేర్చుకున్న ఇద్దరు స్త్రీల కథ చెబుతాను.

మొదటి ఆమె పేరు ఎవా యుస్టిన్. నాజీ జర్మనీలో రాబర్ట్ రిట్టర్ అనే అధికారి కింద పనిచేసింది. ఆయనది జాతుల రక్తాన్ని కొలిచే శాఖ. ఆమెకు రోమానీ వచ్చు. సింతీల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ భాషలో పలకరించేది. ఎర్రజుట్టు పిల్ల అని అర్థం వచ్చేలా లోలీ చాయ్ అని వాళ్ళు ఆమెకు ముద్దుపేరు పెట్టుకున్నారు. మన మాట మాట్లాడే పిల్ల కదా అని తమ అమ్మల పేర్లు, తాతల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో అన్నీ చెప్పారు. ఆ వంశవృక్షాలే తర్వాత జాబితాలయ్యాయి. తల్లిదండ్రులకు దూరమై ముల్ఫింగెన్ అనాథాశ్రమంలో ఉన్న సింతీ పిల్లల మీద ఆమె డాక్టరేటు పట్టా కోసం పరిశోధన చేసింది. ఆ పరిశోధన పూర్తయ్యేదాకా పిల్లలను అక్కడే ఉంచారు. పూర్తయ్యాక, 1944 మేలో, దాదాపు నలభై మంది పిల్లలను ఆష్‌విట్జ్‌కు పంపారు. తిరిగి వచ్చినవాళ్ళను ఒక చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అదే ఏడు ఆగస్టు 2 రాత్రి అక్కడి రోమా శిబిరంలో మిగిలిన నాలుగు వేల మందికి పైగా మనుషులను గ్యాస్ గదుల్లోకి తోలారు. నాజీల చేతుల్లో చనిపోయిన రోమాలు, సింతీలు మొత్తం రెండు లక్షల నుంచి అయిదు లక్షల దాకా ఉంటారని అంచనా. జర్మనీ దీన్ని జాతి సంహారంగా ఒప్పుకున్నది 1982లో. ఎవా యుస్టిన్‌కు ఏ శిక్షా పడలేదు.

ఈనాటికీ జర్మనీలో ఎందరో సింతీ పెద్దలు తమ భాషను బయటివాళ్ళకు నేర్పడానికి ఒప్పుకోరు. నిఘంటువు వేస్తామంటే వద్దంటారు. విన్న ప్రతివాళ్ళూ మొదట ఆశ్చర్యపోతారు, ఏ జాతైనా తన భాష నలుగురికీ తెలియాలనే కదా కోరుకుంటుంది అని. వాళ్ళ తలుపు ఎందుకు మూసుకుందో తెలిశాక ఇక తట్టబుద్ధి కాదు.

రెండో ఆమె దగ్గరికి వెళ్ళే ముందు, ఆ తలుపు లోపలి కథ ఒకటి చెప్పాలి. పోలండులో పాపుషా అనే రోమా కవయిత్రి ఉండేది. అసలు పేరు బ్రొనిస్లావా వైస్. పాపుషా అంటే బొమ్మ. బండ్ల మీద తిరుగుతూ, ఆగిన ఊళ్ళో కోడినో మరొకటో ఇచ్చి ఒకామె దగ్గర చదవడం నేర్చుకుంది. రోమానీలో పాటలు కట్టింది. వాటిని 1949లో విన్న కవి యెజీ ఫిత్సోవ్‌స్కీ పోలిష్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు. ఆయనకు ఆమె మీద నిజమైన గౌరవం ఉంది. కానీ ఆయన రాసిన మాటలు, ఆనాటి ప్రభుత్వం రోమాలను బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టిన కార్యక్రమానికి ఊతంగా నిలిచాయి. మన గుట్టు గాజోలకు అమ్మావని సొంత జనం ఆమెను వెలివేశారు. మతి చెదిరి ఆసుపత్రి పాలయింది. తర్వాత దాదాపు మాట్లాడకుండా, రాయకుండా బతికి 1987లో పోయింది. ఆమెను వెలివేసినవాళ్ళను తప్పుపట్టడం సులువే. ఆ వెలి జరిగేనాటికి ఆష్‌విట్జ్ పొగ ఆరి పదేళ్ళయినా కాలేదు.

రెండో స్త్రీ మిలెనా హ్యూబ్ష్‌మన్నోవా. చెక్ దేశస్థురాలు. ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో హిందీ చదువుకుంది. చదువుకునే రోజుల్లోనే రోమాలు మాట్లాడుకుంటుంటే విని, తను పుస్తకాల్లో వల్లెవేస్తున్న మాటలు వీళ్ళ నోట ఉన్నాయని పోల్చుకుంది. అప్పటి నుంచి 2005లో పోయేదాకా వాళ్ళ ఇళ్ళలో, వంటింటి పొయ్యిల దగ్గర కూర్చుని కథలు, సామెతలు, పాటలు రికార్డు చేస్తూనే ఉంది. కానీ ఆమె అంతటితో ఆగలేదు. మీ భాషలో మీరే రాయండి అని వెంటపడింది. ఇది వంటింటి భాష, దీనిలో రాయడమేమిటి అని సిగ్గుపడినవాళ్ళ చేత కలం పట్టించింది. 1991లో అదే విశ్వవిద్యాలయంలో రోమానీ అధ్యయనాలు మొదలుపెట్టించింది. స్లొవేకియాలో 1921లో పుట్టిన ఎలెనా లాత్స్కోవా అనే రోమా రచయిత్రి తన జీవితాన్ని రోమానీలో చెబుతూ ఉంటే, ఏళ్ళ తరబడి రికార్డు చేసి, చెక్ భాషలో పుస్తకంగా తెచ్చింది. అది 1997లో వచ్చింది.

ఒకే భాష, నేర్చుకున్నది ఇద్దరు గాజోలు. ఒకామె పేర్లు అడిగి రాసుకుని వెళ్ళిపోయింది. ఒకామె కలం వాళ్ళ చేతికే ఇచ్చింది.

మన దేశంలో వీళ్ళ మీద ప్రేమ పెంచుకున్న పెద్దమనిషి వీర్ రాజేంద్ర ఋషి. విదేశాంగ శాఖలో పనిచేసిన బహుభాషావేత్త. 1971 ఏప్రిల్ 8న లండన్ దగ్గర ఓర్పింగ్‌టన్‌లో మొదటి ప్రపంచ రోమా మహాసభ జరిగినప్పుడు ఆయన అక్కడున్నాడు. తమను రోమా అనే పిలవాలని వాళ్ళు తీర్మానించుకున్నది ఆ సభలోనే. నీలం ఆకాశం, పచ్చని నేల, మధ్యలో పదహారు ఆకుల ఎర్రటి చక్రం ఉన్న జెండాను ఎత్తుకున్నదీ అక్కడే. మన జెండాలోని చక్రం చూసినవాళ్ళకు అది పరిచయస్తురాలిలా కనిపిస్తుంది. ఋషి చండీగఢ్‌లో రోమానీ అధ్యయన సంస్థ పెట్టాడు. అక్కడ జరిగిన ఒక రోమా ఉత్సవానికి ఇందిరాగాంధీ వచ్చారు. 2012లో మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం, తండ్రి నుంచి కొడుక్కి అందే వై క్రోమోజోములోని ఒక గుర్తును పట్టుకుని, రోమా మగవాళ్ళ పూర్వికులు వాయవ్య భారతంలోని షెడ్యూల్డు కులాల, తెగల వారికి దగ్గరవాళ్ళని చూపింది.

తప్పిపోయిన మన పిల్లలు అనుకోవడం మనకు బాగుంటుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. తండాలో లంబాడీ మాట విని, ప్రేగ్‌లో రోమానీ మాట విని, ఇద్దరూ ఒక్కటేనని చెప్పేసేవాళ్ళూ ఉన్నారు. లంబాడీ రాజస్థానీ భాషల గుంపుది. రోమానీతో దానికున్నది దూరపు బంధుత్వం. కానీ నా ఆందోళన అది కాదు. మీరు ఇండియా వాళ్ళు, అక్కడికే పొండి అని యూరప్‌లో రోమాల మీద గోడల మీద రాసేవాళ్ళున్నారు. మనం ప్రేమగా అనే మాటను వాళ్ళు ద్వేషంతో అంటారు, మాట మాత్రం ఒక్కటే. అక్కడ పుట్టి, అక్కడి మట్టిలో వందల ఏళ్ళుగా పూర్వికులను కలిపినవాళ్ళది ఆ నేల. పైగా వాళ్ళను మనవాళ్ళంటూ కావలించుకునే ముందు, ఇక్కడే మిగిలిపోయిన డోములను ఇన్ని వందల ఏళ్ళు మనం ఎక్కడ నిలబెట్టామో చూసుకోవద్దూ?

ఈనాటి పోరాటం బడిలో జరుగుతోంది. చెక్ దేశంలోని ఓస్ట్రవా నగరంలో రోమా పిల్లలను, తెలివితేటలు తక్కువన్న పేరుతో, మానసిక వైకల్యం ఉన్న పిల్లల బడుల్లో వేసేవారు. ఇంట్లో వేరే మాటతీరుతో పెరిగిన బిడ్డకు, మెజారిటీ పిల్లలకు తగినట్టు తయారుచేసిన పరీక్ష పెట్టి, మొద్దు అని ముద్ర వేశారు. పద్దెనిమిది మంది పిల్లల తరఫున కేసు యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళింది. ఇది వివక్షేనని 2007 నవంబరులో తీర్పు వచ్చింది. తీర్పు వచ్చినంత తొందరగా బడులు మారలేదు. ఇంకోవైపు, ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యెలో షుతో ఒరిజారి అనే పురపాలక ప్రాంతం ఉంది. అక్కడ రోమాలే ఎక్కువ, రోమానీ అక్కడి అధికార భాషల్లో ఒకటి. నవంబరు 5ను యునెస్కో రోమానీ భాషా దినంగా ప్రకటించింది. ఒకే లిపి, ఒకే ప్రమాణ భాష కావాలని 1990లో వార్సా దగ్గర జరిగిన మహాసభలో ఒక వర్ణమాలను ఒప్పుకున్నారు. అయినా ఎవరి యాస వాళ్ళది, ఎవరి రాత వాళ్ళది. తెలంగాణ, రాయలసీమ, కళింగాంధ్ర మాటల మీద ఇన్నేళ్ళు తగవులాడుకున్న మనం దాన్ని వింతగా చూడక్కర్లేదు.

చదవడానికి రోమానీలో చాలాచోట్ల ఏమంటారో తెలుసా? గెనవ్ అంటే నేను చదువుతాను. నేను లెక్కపెడతాను అని కూడా. మన గణనమే. లెక్కపెట్టడం మాత్రమే తెలిసిన జనానికి కాగితం ఎదురైనప్పుడు, అక్షరాలనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టడమే చదువైంది.

సెలవు తీసుకునే ముందు ఇంకొక్క మాట. తెలుగు వ్యాకరణంలో ఔపవిభక్తికాలని చదువుకున్నాం. ఇల్లు అన్నది ఇంటి అయ్యాకగానీ ఇంటికి, ఇంటితో, ఇంటినుంచి రావు. రోమానీలోనూ అచ్చం ఇదే ఏర్పాటు. అన్న అనే ఫ్రల్ మొదట ఫ్రలేస్ అవుతుంది. ఆ మీద ఫ్రలేస్కే, అన్నకు. ఫ్రలేస్తర్, అన్న నుంచి. ఫ్రలేసా, అన్నతో. మనకూ వాళ్ళకూ భాషా కుటుంబాలు వేరు, అయినా మాటకు మాట తగిలించే తీరు ఎంత దగ్గరగా ఉందో. అలాగే దెవెల్, దేవుడు. దెవ్లేసా, దేవుడితో. ఇద్దరు విడిపోయేటప్పుడు, ఉండిపోయేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో జా దెవ్లేసా అంటారు. దేవుడితో వెళ్ళు అని. వెళ్ళేవాళ్ళు ఉండిపోయేవాళ్ళతో ఆఛ్ దెవ్లేసా అంటారు. దేవుడితో ఉండు. ఇన్ని వందల ఏళ్ళలో ఇన్ని ఊళ్ళ పొలిమేరల దగ్గర ఈ రెండో మాటను వాళ్ళు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో.

ఈ సాయంత్రం మీ ఇంటికి వచ్చి వెళ్తున్నది నేను. కాబట్టి అది నేను చెప్పవలసిన మాట. ఎక్కువమందికి చెప్పేటప్పుడు కాస్త మారుతుంది. ఆఛెన్ దెవ్లేసా.